పల్స్ 56కి పడిపోయిందని బీటా బ్లాకర్ మాత్ర ఆపేయవచ్చా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారికి 61 ఏళ్లు. ఫిబ్రవరిలో గుండెపోటు వస్తే విజయవాడలో స్టెంట్ వేశారు. ఎకో అనే గుండె స్కాన్‌లో పంపింగ్, అంటే గుండెలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే వాటా, 35 శాతం ఉందన్నారు. ఇంటికి పంపేటప్పుడు రాసిన మందుల్లో మెటొప్రొలాల్ సక్సినేట్ అనే బీటా బ్లాకర్ 50 మిల్లీగ్రాములు ఒకటి. ఆయన నీరసంగా ఉందంటున్నారు, పల్స్ చూస్తే 56 ఉంది. "అసలే గుండె బలహీనంగా ఉంటే దాన్ని ఇంకా నెమ్మది చేసే మాత్ర ఎందుకు?" అని తెలిసినాయన అనడంతో నాలుగు రోజుల క్రితం ఆపేశారు. ఇప్పుడు పల్స్ 98. మెట్లెక్కితే దడగా ఉందంటున్నారు. మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ముందు ఈ రోజు చేయాల్సిన పని చెబుతాను. ఇది మొత్తం చదవకముందే మీ కార్డియాలజిస్టుకో, ఆ ఆసుపత్రి డ్యూటీ డాక్టరుకో ఫోన్ చేయండి. "నాలుగు రోజులుగా మెటొప్రొలాల్ వేసుకోలేదు, పల్స్ 98 ఉంది, దడగా ఉంది" అని సూటిగా చెప్పండి. తిడతారని దాచవద్దు. ఇంత తక్కువ రోజులు ఆపినప్పుడు సాధారణంగా అదే మోతాదుతోనో, సగంతోనో మళ్లీ మొదలుపెట్టమంటారు. ఏది అన్నది ఆయన బీపీ, ఆయాసం, ఈసీజీ చూసి వాళ్లే చెప్పాలి. ఛాతీలో నొప్పిగానీ బరువుగానీ ఉన్నా, పడుకుంటే ఊపిరాడకపోయినా, చెమటలు పట్టి కళ్లు తిరిగినా ఫోన్లతో కాలం గడపకుండా 108కి చేయండి. నాలుగు రోజుల బాకీ తీర్చేద్దామని రెండు మూడు మాత్రలు ఒకేసారి మాత్రం వేయకండి. అలా వేసుకుని పల్స్ 38తో వచ్చినవాళ్లను నేను చూశాను.

ఇక ఆ సలహా ఇచ్చినాయన సంగతి. ఆయన్ని నేను తప్పుపట్టను. 1980ల చివర నేను గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకునేటప్పుడు మాకూ ఇదే నేర్పారు. పంపింగ్ తగ్గిన గుండెకు బీటా బ్లాకర్ ఇవ్వకూడదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లం మేము. వినడానికి సబబుగానే ఉండేది. గుండె ఓపికంతా కూడదీసుకుని కొట్టుకుంటోంది, దాన్ని వేగంగా కొట్టుకోమని చెప్పే అడ్రినలిన్‌ను అడ్డుకుంటే ఉన్న కాస్త ఓపికా పోతుంది కదా అనుకునేవాళ్లం.

ఆ లెక్కలో ఒక పొరపాటుంది. అలసిన ఎద్దును ములుగర్రతో పొడిస్తే పది అడుగులు గబగబా వేస్తుంది. రోజంతా పొడుస్తూనే ఉంటే కూలబడుతుంది. పంపింగ్ తగ్గిందని తెలియగానే శరీరం అడ్రినలిన్, నార్ అడ్రినలిన్‌లను ఎక్కువగా వదులుతుంది. మొదటి కొద్ది రోజులు అది ఆదుకుంటుంది కూడా. నెలల తరబడి సాగితే మాత్రం గుండె కండరంలోని కణాలే చచ్చిపోతాయి, గుండె సాగిపోయి పెద్దదవుతుంది, లయ తప్పుతుంది. బీటా బ్లాకర్ చేసేది ఆ పోటును ఆపడమే. గుండె కణాల మీద అడ్రినలిన్ వచ్చి కూర్చునే చోట్లున్నాయి, వాటిని బీటా రిసెప్టర్లు అంటారు. ఈ మందు ముందే వెళ్లి అక్కడ కూర్చుంటుంది. అడ్రినలిన్ వచ్చినా చోటు దొరకదు.

ఈ ఆలోచనతో మొదటి ప్రయత్నం చేసింది స్వీడన్ వైద్యులు. గోథెన్‌బర్గ్‌లో 1975లో ఏడుగురు రోగులకు ఇచ్చి, మెరుగయ్యారని ప్రకటించారు. చాలా ఏళ్లు ఎవరూ నమ్మలేదు. చివరికి 1999లో రెండు పెద్ద అధ్యయనాలు వచ్చాయి. ఒకదానిలో దాదాపు 4,000 మంది, రెండోదానిలో 2,600 మందికి పైగా పంపింగ్ తగ్గిన రోగులు ఉన్నారు. సగం మందికి మందు, సగం మందికి మందు లేని మాత్ర ఇచ్చారు. మొదటిదానిలో ఇచ్చింది మీ నాన్నగారు వేసుకుంటున్న మెటొప్రొలాల్ సక్సినేటే. రెండోదానిలో బిసొప్రొలాల్. రెండింట్లోనూ మందు వేసుకున్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయి. తేడా అంత స్పష్టంగా కనిపించేసరికి, మిగతా సగం మందికి మందు ఇవ్వకుండా ఉంచడం న్యాయం కాదని అధ్యయనాలను గడువుకు ముందే ఆపేశారు. తర్వాత కార్వెడిలాల్‌తోనూ అలాంటి ఫలితమే వచ్చింది. నేను చదువుకున్నది తలకిందులవడం నా కళ్లముందే జరిగింది. అందుకే ఈ మాత్ర గురించి ఇంత గట్టిగా చెబుతున్నాను.

పంపింగ్ 35 అంటే నూటికి 35 మార్కులు అనుకుని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. మామూలు మనిషికే అది 55 నుంచి 70 మధ్య ఉంటుంది. నూరు ఎవరికీ ఉండదు.

పల్స్ తగ్గితే ఏం లాభమో ఒక చిన్న లెక్కతో చూద్దాం. నిమిషానికి 90 సార్లు కొట్టుకునే గుండె రోజుకు 1,29,600 సార్లు కొట్టుకుంటుంది. 60 అయితే 86,400. అంటే రోజుకు 43,200 దెబ్బల పని తగ్గింది. ఇంకో సంగతి కూడా ఉంది. గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది అది ముడుచుకున్నప్పుడు కాదు, రెండు దెబ్బల మధ్య వదులైనప్పుడు. ఆ విరామం పెరిగితే స్టెంట్ వేసిన రక్తనాళంలోకీ, వేయని వాటిలోకీ రక్తం తీరిగ్గా పారుతుంది. నడిస్తే ఛాతీ పట్టేసినట్టు నొప్పి వచ్చేవాళ్లకు ఈ మందు పని చేసేది ఇందువల్లే. అసలు 1960ల్లో స్కాట్లండ్‌కు చెందిన జేమ్స్ బ్లాక్ ప్రొప్రనొలాల్ అనే బీటా బ్లాకర్‌ను తయారుచేసింది ఆ నొప్పి కోసమే. 1988లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. ఈ మందును ఉన్నట్టుండి ఆపితే ఎందుకు ప్రమాదం? నెలల తరబడి రిసెప్టర్లు మూసుకుని ఉండేసరికి, కణాలు కొత్తవాటిని ఇంకా ఎక్కువగా పైకి తెచ్చుకుంటాయి. మందు ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. ఒక్కసారి ఆపేస్తే అన్ని తలుపులూ తెరిచిన ఇంట్లోకి గాలివాన వచ్చినట్టు అడ్రినలిన్ దూసుకొస్తుంది. పల్స్, బీపీ ఎగబాకుతాయి. రక్తనాళాల్లో పూడికలున్నవాళ్లకు నొప్పి తిరగబెట్టవచ్చు, మళ్లీ గుండెపోటు రావచ్చు, లయ తప్పవచ్చు. మీ నాన్నగారి 98, ఆ దడ, ఈ రకం సంకేతాలే కావచ్చు. నిజంగా మానాల్సి వస్తే డాక్టర్ ఒకటి రెండు వారాలు పట్టి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు.

భవానీ దీక్ష రోజుల్లో ఒక వ్యాపారిని చూశాను. బైపాస్ అయినాయన, చాలా నిష్ఠ గల మనిషి. దీక్షలో ఇంగ్లీషు మందులు వద్దనుకుని అన్నీ ఆపేశారు. నాలుగో రోజో ఐదో రోజో ఇంద్రకీలాద్రి మెట్ల మీద ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయారు. ప్రాణం దక్కింది. అప్పటి నుంచి నా దగ్గరికొచ్చే ప్రతి గుండె రోగినీ దసరాకు, కార్తీకానికి, రంజాన్‌కు ముందే అడుగుతాను, ఉపవాసం ఉంటారా, మందులు ఎప్పుడు వేసుకుంటారు అని. చాలా మందుల వేళలు మార్చుకోవచ్చు. ఆపడం వేరు, వేళ మార్చుకోవడం వేరు.

పల్స్ 56 విషయానికి వస్తాను. కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, ఆయాసం పెరగడం లేకపోతే, బీపీ బాగుంటే, ఈ మందు మీద ఉన్న గుండె రోగికి 56 భయపడే సంఖ్య కాదు. చాలాసార్లు మేం కోరుకునేది 55-60 చుట్టుపక్కలే. 50 కంటే తగ్గితేనూ, 50 దాటి ఉన్నా కళ్లు తిరుగుతుంటేనూ డాక్టర్‌కు చెప్పాలి. ఈసీజీ తీసి గుండెలో కరెంటు నడిచే దారిలో అడ్డంకి ఉందేమో చూస్తారు, అవసరమైతే మోతాదు తగ్గిస్తారు. పల్స్ చూడటం కూడా ఒక పద్ధతిలో చూడాలి. ఐదు నిమిషాలు కూర్చున్నాక, బొటనవేలి కింద మణికట్టు దగ్గర రెండు వేళ్లు ఆనించి 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. లయ సమంగా లేకపోతే నిమిషం మొత్తం లెక్కపెట్టండి. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ వాడవచ్చుగానీ, లయ తప్పిన పల్స్‌ను అది సరిగా చెప్పదు.

నీరసం నిజమే, ఆయన కల్పించుకుని చెప్పేది కాదు. మొదలుపెట్టిన రోజుల్లో, మోతాదు పెంచిన ప్రతిసారీ రెండు మూడు వారాలు అలా ఉంటుంది. తర్వాత చాలామందికి తగ్గుతుంది. అయితే నీరసానికి ఎప్పుడూ బీటా బ్లాకరే కారణం అనుకోకండి. నీరు పోవడానికి వేసే మాత్ర ఎక్కువైనా, సోడియం పొటాషియం తేడా వచ్చినా, రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా, గుండెపోటు తర్వాత మనసు కుంగినా నీరసమే వస్తుంది. ఆ రక్తపరీక్షలు చేయించకుండా ఒక్క మందు మీద నేరం మోపడం సరికాదు. చేతులు కాళ్లు చల్లబడటం, కొందరికి కలత నిద్ర, పీడకలలు కూడా ఉంటాయి. మగవాళ్లలో కొందరికి దాంపత్యంలో ఇబ్బంది వస్తుంది. అది భార్యకూ చెప్పరు, డాక్టర్‌కూ చెప్పరు, మాత్ర మానేస్తారు. దయచేసి చెప్పండి. మోతాదు సర్దవచ్చు, మందు మార్చవచ్చు.

పంపింగ్ తగ్గినవాళ్లకు ఈ మందును చాలా తక్కువతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పెంచుతారు. కార్వెడిలాల్ అయితే 3.125తో పూటకొకటి చొప్పున రెండు పూటలా, బిసొప్రొలాల్ అయితే 1.25తో, మెటొప్రొలాల్ సక్సినేట్ అయితే 12.5 లేదా 25తో మొదలవుతుంది. రెండేసి వారాలకు ఓర్చుకున్నంత మేరకు రెట్టింపు చేస్తూ వెళతారు. మెటొప్రొలాల్ సక్సినేట్ 200 దాకా వెళ్లవచ్చు. ఈ మెట్లెక్కే రోజుల్లో ఒంట్లో నీరు కాస్త పెరగవచ్చు కాబట్టి రోజూ ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు బరువు చూసి పుస్తకంలో రాయాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. వెంటనే ఫోన్ చేయాలి. గుణం కనపడటానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. అప్పుడు ఎకోలో 35 కాస్తా 45 అయినవాళ్లు నా దగ్గర చాలామందే ఉన్నారు. అందరికీ పెరుగుతుందని మాట ఇవ్వలేను.

మందుల షాపులో ఒక జాగ్రత్త. మెటొప్రొలాల్‌లో రెండు రకాలున్నాయి, సక్సినేట్, టార్ట్రేట్. సక్సినేట్ రోజంతా మెల్లగా విడుదలయ్యే మాత్ర. పంపింగ్ తగ్గినవాళ్లకు ఆ మేలు రుజువైంది దానితోనే. టార్ట్రేట్ కొన్ని గంటలే ఉంటుంది. "అదే మందండీ, కంపెనీ వేరు" అని ఇచ్చినప్పుడు స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఆ రెండో మాట ఏముందో చూడండి. జనఔషధి దుకాణంలో కొన్నా ఇదే చూడాలి. ఈ మాత్రను నలగ్గొట్టి అన్నంలో కలిపి పెట్టకూడదు, నమలకూడదు. మధ్యలో గీత ఉంటే సగానికి విరవవచ్చు, అంతే. కార్వెడిలాల్ మాత్రం ఏదైనా తిన్నాక వేసుకోవాలి, లేకపోతే బీపీ ఒక్కసారిగా పడి కళ్లు తిరుగుతాయి.

ఎవరికి ప్రమాదం అన్నది నా సొంత తప్పుతో నేర్చుకున్నాను. గుంటూరులో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒకామె గుండెదడ, చేతుల వణుకుతో వచ్చింది. థైరాయిడ్ ఎక్కువైనట్టు కనిపించి ప్రొప్రనొలాల్ రాశాను. ఆ జబ్బుకు అది సరైన మందే. కానీ ఆమె మిర్చియార్డులో కాయలు ఏరే పని చేస్తుందని, సీజన్‌లో రాత్రిళ్లు పిల్లికూతలు వస్తాయని నేను అడగలేదు. ఆ రాత్రే ఊపిరాడక ఆసుపత్రిలో చేరింది. రెండో రోజుకు కోలుకుంది. బీటా రిసెప్టర్లు గుండెలోనే కాదు, ఊపిరితిత్తుల గొట్టాల్లోనూ ఉంటాయి. వాటిని మూస్తే గొట్టాలు బిగుసుకుంటాయి. ప్రొప్రనొలాల్ రెండు చోట్లా మూస్తుంది. మెటొప్రొలాల్, బిసొప్రొలాల్, నెబివొలాల్ ఎక్కువగా గుండె మీదే పని చేస్తాయి, అయినా మోతాదు పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. ఇప్పుడు మా ప్రాంతంలో ఎవరు వచ్చినా మొదటి ప్రశ్న అదే, యార్డులోగానీ కారం మిల్లులోగానీ పని చేస్తారా, ఉబ్బసం ఉందా అని. నాన్నగారికి అలాంటిదేమైనా ఉంటే డాక్టర్‌కు చెప్పాలి. పొగ తాగేవారి దగ్గు, దాన్నే సీఓపీడీ అంటాం, అది ఉన్నవాళ్లకు మాత్రం గుండె మీదే పని చేసే రకాన్ని జాగ్రత్తగా ఇవ్వవచ్చు. దమ్ముందని ఈ మేలును వాళ్లకు పూర్తిగా లేకుండా చేయకూడదు.

షుగర్‌కు ఇన్సులిన్‌గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రగానీ వాడుతుంటే ఇంకో మాట. షుగర్ పడిపోయినప్పుడు దడ, వణుకు వచ్చి మనిషిని హెచ్చరిస్తాయి. బీటా బ్లాకర్ ఆ రెండింటినీ కప్పేస్తుంది. చెమట మాత్రం పడుతుంది. కాబట్టి కారణం లేకుండా చెమట పడితే ముందు షుగర్ చూడండి.

కంటి డాక్టర్ నీటికాసులకు రాసే టిమొలాల్ చుక్కలు కూడా బీటా బ్లాకరే. కంట్లో వేసింది గుండెకెలా పోతుందని ఎవరూ చెప్పరు. ముక్కులోకి జారి రక్తంలో కలుస్తుంది. పల్స్ అనుకోకుండా 45కి పడిన ఒక పెద్దాయన విషయంలో కారణం ఆ సీసాయే. డిల్టియాజెమ్, వెరపమిల్ అనే మాత్రలు కూడా గుండెను నెమ్మది చేస్తాయి. ముఖ్యంగా వెరపమిల్ కలిస్తే ప్రమాదం. ఒంటినొప్పులకని షాపులో సొంతంగా కొనుక్కునే డైక్లోఫెనాక్ లాంటివి పంపింగ్ తగ్గినవాళ్లకు నీరు పట్టిస్తాయి.

మీరు అడగకపోయినా ఒక్క మాట, ఇంట్లో ఇంకెవరికైనా ఇదే రకం మందు ఉండవచ్చు కాబట్టి. చిన్నప్పటి కీళ్లవాతం జ్వరం వల్ల కవాటం ముడుచుకుపోయిన ఆడవాళ్లు మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు పల్స్ తగ్గితే ఆ ఇరుకు కవాటం గుండా రక్తం నిండటానికి సమయం దొరికి ఆయాసం తగ్గుతుంది. లయ తప్పిన గుండెకు, మైగ్రేన్‌కు, చేతుల వణుక్కు, లివర్ గట్టిపడినవాళ్లలో అన్నవాహికలో రక్తస్రావం రాకుండా కూడా ఇస్తారు. గర్భిణులకు బీపీ పెరిగితే లాబెటలాల్ వాడతాం. కేవలం బీపీకి మాత్రం, ఒకప్పుడు ప్రతి క్లినిక్‌లోనూ మొదటి మాత్ర అటెనొలాలే అయినా, ఇప్పుడు వేరే కారణం లేకపోతే బీటా బ్లాకర్‌తో మొదలుపెట్టం. పక్షవాతాన్ని ఆపడంలో మిగతా మందులంత పని చేయలేదు. కాబట్టి పక్కింటివాళ్ల డాక్టర్ వాళ్లకు ఆపేశాడంటే, వాళ్లకు అది ఎందుకు రాశారన్నది వేరే కథ.

ఎంతకాలం వాడాలన్న విషయంలో ఈ మధ్య మార్పు వచ్చింది. గుండెపోటు వచ్చినా పంపింగ్ బాగున్నవాళ్లకు ఇది అవసరమా అని 2024లో ఒకటి, 2025లో ఒకటి పెద్ద అధ్యయనాలు చూశాయి. ఒకదానిలో దాదాపు 5,000 మంది, రెండోదానిలో దాదాపు 8,500 మంది. రెండింట్లోనూ ఇచ్చినా ఇవ్వకపోయినా పెద్ద తేడా కనిపించలేదు. మరో అధ్యయనంలో కొంత మేలు కనిపించింది, చర్చ నడుస్తోంది. ఈ వార్తలు వాట్సాప్‌లో "బీటా బ్లాకర్లు పనికిరావు" అని తిరిగాయి. అవి పంపింగ్ 50 దాటినవాళ్ల గురించి, మహా అయితే 40 దాటినవాళ్ల గురించి. 35 ఉన్న మీ నాన్నగారికి అవి వర్తించవు.

ఇది మే నెల, మనకు 44, 45 డిగ్రీలు. ఎండకు తట్టుకునే శక్తిని ఈ మందు కొంత తగ్గిస్తుంది. నీరు పోయే మాత్ర కూడా ఉంటే వాంతులు, విరేచనాలు అయినప్పుడు బీపీ బాగా పడుతుంది. అలాంటి రోజు ఏ మాత్ర వేయాలో, ఏది ఒక రోజు ఆపాలో ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. నడక తెల్లవారుజామున, కృష్ణ ఒడ్డునైనా వీధిలోనైనా, మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతో చాలు. గుండె ఇంత వేగానికి చేరాలనే లెక్కలు ఈ మందు మీద ఉన్నవాళ్లకు పనికిరావు. మజ్జిగలో ఉప్పు వద్దు. కొత్త ఆవకాయ రోజులని తెలుసు, అయినా వద్దు.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు మందుల చీటీ ఒక్కటే కాదు, ఖాళీ స్ట్రిప్పులు, కంటి చుక్కలతో సహా, ఒక సంచిలో వేసుకెళ్లండి. ఆపిన తేదీ, ఆపకముందు రోజుల పల్స్, ఇప్పటి పల్స్ కాగితం మీద రాయండి. రెండు ప్రశ్నలు అడగండి. మోతాదు ఇక్కడితో ఆపుతారా, పెంచుతారా? మళ్లీ ఎకో ఎప్పుడు? గుండెపోటు, స్టెంట్ తర్వాత మందులన్నీ తగిన మోతాదులో మూడు నెలలు వాడాక తీసే ఎకోను బట్టి, పంపింగ్ 35 దాటకపోతే ప్రమాదకరంగా లయ తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే ఐసీడీ అనే యంత్రం ఛాతీలో పెట్టాలా అన్నది తేలుస్తారు. మధ్యలో మాత్ర ఆపిన సంగతి దాచితే ఆ నిర్ణయమే తప్పుతుంది.

ఫోన్‌లో ఏమన్నారో, రాత్రి ఎనిమిదింటికి పల్స్, బీపీ ఎంత ఉన్నాయో నాకు రాయండి. చూస్తాను.